ఈశాన్యానికి తిరిగిన గొడుగు

నేను ఒక గొడుగును. వానలో తడవకుండా పట్టుకునే గొడుగును కాను. మేడమీద నిలబడి ఎండకు ఎండి వానకు తడిసే రేకు గొడుగును. ఆకాశంలోంచి బొమ్మలు పట్టి టీవీలోకి దించడం నా పని. కథలోకి వెళ్ళేముందు మా ఇంటాయన వెంకటరత్నంగారి మీద ఒక ఫిర్యాదు చేసుకోవాలి. పదకొండేళ్ళుగా ఆయనకు వార్తలు, పాత సినిమాలు, రాశిఫలాలు, తుఫాను హెచ్చరికలు మోసిపెట్టాను. ఒక్కనాడు సెలవు అడిగిన పాపాన పోలేదు. అయినా ఆయన నన్ను "ఆ రేకు" అనే అంటారు. మిక్సీని మిక్సీ అంటారు, ఫ్రిజ్‌ను ఫ్రిజ్ అంటారు, పెరట్లో తిరిగే పిల్లికి కూడా ఒక పేరుంది. నేను మాత్రం రేకు.

నా పుట్టుకే ఒక దెబ్బతో మొదలయింది. చదునుగా, ప్రశాంతంగా పడుకున్న రేకును నేను. ఫ్యాక్టరీలో ఒక పెద్ద యంత్రం నా నడుమ మీద ఒక్క గుద్దు గుద్దింది. నోరు తెరిచాను. అంతే, మళ్ళీ మూయలేదు. నన్ను చూసినవాళ్ళు ఇదేదో సాంకేతిక ఆకారం అనుకుంటారు. కాదు, అది నిర్ఘాంతపోయిన ముఖం. మనుషుల మధ్య బతకడానికి అదే సరైన ముఖమని తరవాత తెలిసింది.

మొదట పాలకొల్లులో ఒక టీ హోటలు మీద నిలబడ్డాను. క్రికెట్ మ్యాచ్‌లో మనవాళ్ళు ఓడినప్పుడల్లా ఆ హోటలాయన బయటికొచ్చి నన్ను తిట్టేవాడు. ఓడింది నేనే అన్నట్టు! ఆ హోటలు మూతపడ్డాక దావీదు అనే మెకానిక్ నన్ను మోటారు సైకిలు వెనక కట్టి నరసాపురం తెచ్చాడు. వెంకటరత్నంగారి మేడమీద ఇనుప గొట్టానికి బిగించి, అటూ ఇటూ అంగుళం అంగుళం జరిపి, ఆగ్నేయం వైపు ఆకాశంలో ఒకే ఒక్క చోటికి నా ముఖం నిలిపాడు. నాకు కావలసిన ఉపగ్రహం ఉన్నది అక్కడే. వేలెడు పక్కకి తిరిగితే నేను నిజంగానే రేకును.

ఆ ఇంట్లో ముగ్గురు. వెంకటరత్నంగారు కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేరి, ముప్పై మూడేళ్ళు స్తంభాలెక్కి, లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. వైరు అన్నది ఎక్కడున్నా అది తన సొంత ఆస్తి అనుకుంటారు. ఆయన అక్కగారు సూరమ్మ. డెబ్బై రెండేళ్ళ మనిషి, మూడిళ్ళ అవతల కుక్కరు ఎన్ని కూతలు కూసిందో మంచం మీద నుంచే చెప్పగల చెవులు. మూడో మనిషి ఆయన భార్య మంగతాయారు. ఆవిడ లేసు అల్లుతుంది. అల్లినవాటిని ఉతికి, గంజి పెట్టి, మేడమీద నా నీడ పడని చోట చూసి ఆరేస్తుంది. ఏ వేళకి నా నీడ ఎక్కడ పడుతుందో ఆవిడకు తెలిసినంతగా నాకు కూడా తెలియదు.

పోయిన నెల విజయవాడ నుంచి టీవీవాళ్ళు కబురు పెట్టి, తాయారుగారిని పిలిపించుకుని, ఆవిడ అల్లికల మీద అరగంట కార్యక్రమం తీశారు. ఈ గురువారం మధ్యాహ్నం మూడున్నరకు వేస్తామన్నారు. ఒక్కసారే వేస్తారట. లేసు సంఘంలో పన్నెండుమంది ఆడవాళ్ళను ఇంటికి పిలుచుకుంది. ఎవరో "ఫోనులో చూడొచ్చు కదా పిన్నీ" అంటే ఆవిడ అన్న మాట మెట్ల మీదుగా నాకు వినబడింది.

"నలభై ఏళ్ళబట్టి నా చేతులు నేను పైనుంచే చూసుకుంటున్నానే. ఒక్కసారి ఎదురుగా కూచుని, పెద్దగా చూసుకోవాలని ఉంది."

అప్పటినుంచి ఊళ్ళో వాతావరణం మారింది. గుమ్మంలోకి వచ్చినవాళ్ళు "రత్నంగారున్నారా?" అనడం మానేసి "తాయారుగారున్నారాండీ?" అనడం మొదలుపెట్టారు. కూరల బజారులో ఎవరో ఆయన్ను చూపించి "తాయారుగారి భర్తండి ఈయన" అని పరిచయం చేశారట. ఆ పూట ఆయన బెండకాయలు తేవడం మర్చిపోయి ఉత్త సంచితో ఇంటికొచ్చారు.

ఆదివారం పొద్దున టీవీలో ఒక వాస్తు పండితుడు మాట్లాడాడు. ఇంటి పైకప్పు మీద ఆగ్నేయం వైపు నోరు తెరిచిన ఇనుప వస్తువు ఉంటే ఆ ఇంట్లో ఇల్లాలి మాట పెరిగిపోతుందట. దాన్ని ఈశాన్యానికి తిప్పితే యజమాని మాట నిలుస్తుందట. ఈ మాటలు ఆయన చెవిన వేసింది ఎవరు? నేనే! ఆకాశంలోంచి జాగ్రత్తగా పట్టి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా వైరులోంచి దించాను. ఇంత శ్రద్ధగా తన గొయ్యి తాను తవ్వుకున్న వస్తువు ఇంకొకటి ఉంటుందనుకోను.

పదినిమిషాల్లో ఆయన మేడమీదికొచ్చారు. చేతిలో ఎర్ర టేపు చుట్టిన స్పానరు, నూనె సీసా. నా మెడ దగ్గర బోల్టులు వదులు చేస్తుంటే, పదకొండేళ్ళకి శుభ్రం చేస్తున్నారు కాబోలని మురిసిపోయాను. రెండు చేతులతో నా చెవులు పట్టుకుని గిర్రున తిప్పారు. కళ్ళముందున్న ఉపగ్రహం మాయమైంది. ఎదురుగా పక్కింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు! దానిమీద ఒక కాకి. కాకి నన్ను చూసింది. నేను కాకిని చూశాను. ఇద్దరం నోరు తెరిచే ఉన్నాం.

ఆయన తెలివి తక్కువ మనిషని అనుకోవద్దు. ఆయనది లైన్‌మన్ లెక్క. స్తంభాన్ని ఎటు తిప్పి పాతినా కరెంటు వస్తుంది, వైరు తెగకపోతే చాలు. నా వైరు తెగలేదు కాబట్టి నేను ఎటు తిరిగినా ఒకటే అని ఆయన నమ్మకం. స్తంభానికి చూపు అక్కర్లేదని, నా పని అంతా చూపేనని ఆయనకు చెప్పేవారెవరు?

కింద టీవీ "సిగ్నల్ లేదు" అంది. ఇంట్లో పెద్ద కలకలం.

"అయ్యబాబోయ్! గురువారం దగ్గరికొచ్చేసిందండీ!" తాయారుగారి గొంతు.

"కంగారు పడకు. కరెంటువాణ్ణి, నేనున్నాను కదా."

ఆ మూడు రోజులూ ఆయన చేసిన వైద్యం విని నేను మేడమీద నివ్వెరపోతూనే ఉన్నాను. ముందు మెయిన్ ఆపారు. టీవీ బాగుపడలేదు కానీ ఫ్రిజ్‌లో పెరుగు పులిసింది. రిమోట్ బ్యాటరీలు మార్చారు. బాక్సు వైరు పీకి, ఊది, మళ్ళీ గుచ్చారు. దాని పొడుగునా టేపు చుట్టారు. టీవీ వెనక చీపురు పెట్టినందుకు సూరమ్మగారిని కేకలేశారు.

"ఒరేయ్ రత్నం, ఆ చీపురు నువ్వు పుట్టకముందు నుంచీ మూలే ఉంటోందిరా. టీవీయే దాని పక్కకొచ్చింది," అందావిడ.

చివరికి మా బాక్సును పక్కింటికి తీసుకెళ్ళి వాళ్ళ టీవీకి, వాళ్ళ గొడుగుకి తగిలిస్తే భేషుగ్గా పనిచేసింది. అంటే బాక్సు మంచిదే; వైరు తెగలేదని టేపు చుట్టేటప్పుడు ఆయనే తడిమి చూశారు. ఇక మిగిలింది ఎవరు? చిన్న పిల్లకైనా తడుతుంది. ఆయనకు కూడా తట్టింది. నాకెలా తెలుసంటే, మంగళవారం సాయంత్రం నుంచి ఆయన మేడ తలుపుకి తాళం వేసి, ఆ తాళంచెవి బొడ్లో దోపుకున్నారు.

"మేడంతా పాకుడు పట్టింది. ఎవరూ ఎక్కొద్దు, జారిపడతారు."

"మరి నా లేసు ఎక్కడ ఆరెయ్యను?"

"వరండాలో వేసుకో. నాలుగు రోజులకి కొంపలేం మునిగిపోవు."

బుధవారం తాయారుగారు సంఘానికి, సూరమ్మగారు పురాణానికి వెళ్ళాక ఆయన పిల్లిలా పైకొచ్చారు. నన్ను కాస్త ఆగ్నేయానికి తిప్పి, బొమ్మ వచ్చిందేమో చూడ్డానికి కిందికి పరిగెత్తారు. రాలేదు. మళ్ళీ పైకి. మళ్ళీ కాస్త. మళ్ళీ కిందికి. ఇరవై రెండు మెట్లు, అరిగిన మోకాళ్ళు. ఏడుసార్లు లెక్కపెట్టాను. గొడుగు తిప్పడం ఇద్దరు చేసే పని. పైన ఒకరు తిప్పాలి, కింద ఒకరు టీవీ ముందు నిలబడి "వచ్చింది, పోయింది" అని అరవాలి. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు. కానీ రెండో మనిషిని పిలవాలంటే మొదటి మనిషి ఏం చేశాడో చెప్పాలి. ఏడోసారి కోపంతో బోల్టు గట్టిగా బిగించబోతే దాని మరలు అరిగిపోయాయి. ఆయన నన్ను మళ్ళీ ఈశాన్యానికి వాల్చి, నా ముఖంలోకి చూడకుండా దిగిపోయారు. స్పానరు నా కాళ్ళ దగ్గరే మర్చిపోయారు.

గురువారం మధ్యాహ్నం. పన్నెండుమంది వచ్చేశారు. గుసగుసలు, గాజుల చప్పుడు, జాజిపూల వాసన పై దాకా వచ్చాయి. టీవీ మాత్రం అదే మాట పట్టుకు కూర్చుంది. మూడయింది. తాయారుగారు దావీదుకి ఫోను చేసింది. అందరికీ వినబడేలా పెట్టినట్టుంది, నాకూ వినబడింది.

"అమ్మగారండి, నేను భీమవరంలో ఉన్నానండి, ఆయ్. ముందు ఒక్క సంగతి చెప్పండి. మీ గొడుగు ఎటు చూస్తోందండి?"

నాలుగు రోజుల్లో ఈ ప్రశ్న వేసిన మొదటి మనిషి అతనే.

"ఏవండీ, తాళంచెవి ఇవ్వండి," అంది తాయారుగారు.

"పాకుడు..."

"వాన పడి నెలైందండీ, పాకుడెక్కడిది? ఇవ్వండి."

పన్నెండుమంది ఎదుట ఆయన బొడ్లోంచి తాళంచెవి తియ్యక తప్పలేదు. ఆవిడ పైకొచ్చింది. నన్ను చూడలేదు; ముందు నేలను చూసింది. ఎప్పుడూ లేసు ఆరేసే చోట నా నీడ పరుచుకుని ఉంది. ఆవిడ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. అప్పుడు తలెత్తింది. పక్కింటి ట్యాంకుని చూస్తూ నేను; నా కాళ్ళ దగ్గర ఎర్ర టేపు స్పానరు. ఆవిడ నోరు అచ్చం నా నోరులా అయింది. పదకొండేళ్ళలో మా ఇద్దరికీ పోలిక ఉందని మొదటిసారి తోచింది.

కిందికెళ్ళి స్పానరుని ఆయన ఎదురుగా టీపాయి మీద పెట్టింది.

"ఇది మీదేనా?"

"పోయినేడాది మర్చిపోయుంటాను."

"పోయినేడాది స్పానరుకి నూనె ఇంకా ఆరలేదేంటండీ?"

ఎవరో పమిట నోట్లో కుక్కుకున్న చప్పుడు. ఆయన లేచారు. "సరే, ఎవరు తిప్పితే ఏంటిప్పుడు? కాకులు వాలతాయి, కోతులు ఊపుతాయి. బాగుచెయ్యాల్సింది నేనేగా!" అని ఉపకారం చేస్తున్నవాడిలా మెట్లెక్కారు.

వెనకాలే సైన్యం బయల్దేరింది. ఒకావిడ టీవీ ముందు, ఒకావిడ గుమ్మంలో, ఒకావిడ మెట్ల మధ్యలో, మెట్ల పైన సూరమ్మగారు. ఆయన నా చెవులు పట్టుకుని తిప్పారు.

"వచ్చిందా?"

"లేదంట!"

"ఇప్పుడు?"

"లేదంట! టైము మూడూ ఇరవై అయిందంట!"

"ఇప్పుడో?"

ఆగ్నేయపు ఆకాశం, నా చోటు, నా ఉపగ్రహం! ప్రాణం లేచొచ్చింది.

"వచ్చింది! వచ్చింది! ఆపెయ్!" నాలుగు గొంతులూ ఒక్కసారే.

ఆయన చేతులు వదిలారు. బోల్టు మరలు అరిగిపోయాయి కదా, నేను మెల్లగా పక్కకి వాలాను.

"పోయింది!" ఇల్లంతా ఒకటే హాహాకారం.

ఆయన మళ్ళీ పట్టుకున్నారు. బొమ్మ వచ్చింది. వదిలారు. పోయింది. మూడోసారి ఆయనకు అర్థమైంది. కట్టడానికి వైరు ఎవరు తెచ్చిచ్చినా, కట్టాలంటే చేతులు వదలాలి, వదిలితే బొమ్మ పోతుంది. మూడున్నర అయింది. ఎండలో, నన్ను కావలించుకుని, ముప్పై మూడేళ్ళ నౌకరీ చేసిన ఆ మనిషి స్తంభంలా నిలబడిపోయారు.

"ఒరేయ్, దిగిరారా, నీ పెళ్ళాం కనబడుతోంది!" అంది సూరమ్మగారు.

"నువ్వెళ్ళి చూడక్కా."

ఆవిడ వెళ్ళలేదు. మెట్ల మీదే చతికిలబడింది. నా గుండా దిగుతున్న గొంతు మెట్లెక్కి మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. టీవీలో అమ్మాయి అడుగుతోంది: "ఈ అల్లిక ఎవరి దగ్గర నేర్చుకున్నారండీ?"

"సూది పట్టడం మా అమ్మ నేర్పిందండి. అల్లడం మాత్రం మా ఆయన వల్ల వచ్చింది," అంది టీవీలో తాయారుగారు.

ఆయన చేతులు నా అంచు మీద బిగుసుకున్నాయి.

"ఆయన లైన్‌మన్ అండి. గాలివానొస్తే చాలు, స్తంభం మీదే ఉండేవారు. కబురు తెలిసేది కాదు. ఆయన దిగారని తెలిసేదాకా చేతులు ఊరుకునేవి కావండి. అలా అల్లుతూ కూచునేదాన్ని. మీరు అందంగా ఉందంటున్నారే, ఆ తెల్ల పందిరి గుడ్డ, అది మూడు తుఫాన్లండి."

కింద ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన నుదురు నా రేకుకి ఆనింది. వెచ్చగా, తడిగా తగిలింది; చెమటే అయి ఉంటుంది, ఎండ అలాంటిది. చూడ్డానికి నాకు వెనకవైపు కళ్ళు లేవు. బొమ్మ కదలకుండా మాత్రం అరగంటా ఊపిరి బిగబట్టే ఉన్నారాయన.

కార్యక్రమం అయిపోయింది. అప్పుడు మోగాయి చప్పట్లు, గాజులతో సహా. కింద నుంచి తాయారుగారి గొంతు వచ్చింది, టీవీలోది కాదు, అసలుది: "వదినగారూ, ఆయన దిగారా?"

ఆయన నోరు తెరిచారు. మూశారు. మళ్ళీ తెరిచారు.

"అక్కా, కిందికి చెప్పు. కాకులూ కాదు, కోతులూ కాదు. తిప్పింది నేనే. తప్పు నాదే."

మూడిళ్ళ అవతలి కుక్కరు కూతలు లెక్కపెట్టే సూరమ్మగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"ఏంట్రా? గాలికి సరిగ్గా వినబడ్డం లేదు. కాస్త గట్టిగా చెప్పు."

గాలి లేదు. పక్కింటి ట్యాంకు మీద కాకి ఈక కూడా కదలడం లేదు.

వెంకటరత్నంగారు నన్ను రెండు చేతులా పట్టుకుని, వీధి వీధంతా వినబడేలా అరిచారు:

"తప్పు నాదేనే తాయారూ! గొడుగు నేనే తిప్పాను!"