కుట్లు విప్పని నలభై ఒకటో లెక్క

మా అమ్మాయి ఫిజిక్స్‌లో పెద్ద చదువు చదువుతోంది. నేను ఏడో తరగతితో బడి మానేసి కుట్టుమిషను ముందు కూర్చున్నదాన్ని. దాని పుస్తకాల్లో నాకు అర్థమయ్యేవి పేజీ నంబర్లు మాత్రమే. అయినా దాని లెక్కల పుస్తకంలో సగం పేజీలు నా సూది కిందకి వచ్చినవే.

ఆ పుస్తకంలో కుడివైపు లెక్క ఉంటుంది, పేజీ తిప్పగానే సమాధానం. తిప్పకుండా ఉండడం దాని వల్ల కాలేదు.

"చూస్తే అంతా వచ్చేసినట్టే ఉంటుందమ్మా. పుస్తకం మూస్తే ఒక్క ముక్క రాదు. నువ్వు కుట్టెయ్యి" అంది ఒకరోజు.

సమాధానమున్న రెండేసి కాగితాలను మూడు వైపులా తెల్లదారంతో కుట్టేశాను, దిండు గలీబులా. లెక్క తేలాక అదే కత్తిరించి సరిచూసుకునేది. పక్కింటావిడ చూసి పడీపడీ నవ్వింది. "పనిలో పనిగా మా ఆయన నోటిక్కూడా రెండు కుట్లు వెయ్యండి వదినా!"

నలభై ఒకటో లెక్క మాత్రం పది రోజులైనా తేలలేదు. గిరగిరా తిరిగే రింగుకి గుచ్చిన పూస ఎక్కడ నిలబడుతుందో చెప్పాలట. కంచం ముందు కూర్చుని గాల్లో రింగులు గీసేది. నాకేమో భయం. బస్సు ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆసుపత్రుల పేర్లు తలచుకునే మనిషిని నేను.

పరీక్షలో సరిగ్గా ఆ లెక్కే వచ్చింది. అక్కడ తేలింది దానికి. ఎగురుకుంటూ ఇంటికొచ్చింది. "మరి కుట్లు కత్తిరించి చూసుకోవే" అంటే, "ఉండమ్మా, ఇంకో దారి కూడా ఉందేమో చూస్తా" అంది.

పది రోజులకు పేపరు తిరిగొచ్చింది. ఆ లెక్క మీద అడ్డంగా ఎర్రసిరాతో 'కాపీ' అని రాసి ఉంది. కింద సున్నా. తరగతిలో ఇంకెవరికీ రాని లెక్క, జవాబు అచ్చం పుస్తకంలోదే. పిల్లలు సున్నా మాస్టారని పిలుచుకునే ఆయనకి అంతకన్నా ఏం కావాలి? ఆ మాట పైవాళ్ళ దాకా వెళ్తే కాలేజీ నుంచే పంపేస్తారు. మా అమ్మాయి రెండు రోజులు మంచం దిగలేదు. మూడో రోజు పొద్దున్నే పుస్తకం, దిద్దిన పేపరు, ప్రశ్నాపత్రం, కత్తెర సంచిలో వేసుకుని దాన్ని లేవదీసి కాలేజీకి తీసుకెళ్ళాను.

"మార్కుల కోసం వచ్చారా అమ్మా?" అన్నాడు సున్నా మాస్టారు, తలెత్తకుండానే.

"లేదు సార్, ఆ మాట కోసం." పుస్తకం ఆయన ముందు తెరిచాను. "నలభై ఒకటో లెక్క. సమాధానం చదవండి."

పేజీ తిప్పబోయాడు. రాలేదు. కుట్లు చూసి నవ్వాడు. "ఇవి నిన్న వేసినా వేసి ఉండొచ్చు."

"నిన్నటి దారం ఇంత మాసిపోతుందా? ఆలోచించేటప్పుడు ఆ కుట్టు మీద బొటనవేలు రుద్దుతూ కూర్చుంటుంది. ముట్టుకోని లెక్కలవి చూడండి, తెల్లగా ఉన్నాయి. విప్పి మళ్ళీ కుట్టారంటారేమో, బట్టయితే చిల్లు పూడుతుంది గానీ కాగితానికి పూడదు సార్. పాత చిల్లు పక్కనే కొత్తది పడుతుంది."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని అంచంతా వెతికాడు. "మరి ఈ మూల జంట చిల్లులున్నాయే?"

మా అమ్మాయి నావైపు తిరిగింది.

"అది నేను చేసిన పని" అన్నాను. "పరీక్షకి రెండు రోజుల ముందు, ఇది స్నానానికెళ్తే నాలుగు కుట్లు విప్పాను. చూసి రాసి దిండు కింద పెడదామనుకున్నా. భయం సార్. కానీ నన్ను నమ్మి సూది నా చేతికిచ్చింది కదా. మళ్ళీ కుట్టేశాను." ఆ నాలుగు కుట్లనీ ఆయన ముందే తెంపాను. "ఆ సందులోంచి ఏం కనిపిస్తుందో చెప్పండి."

ఒక కన్ను మూసి వంగాడు. పుస్తకం వెలుతురు వైపు తిప్పి మళ్ళీ వంగాడు.

"పేజీ నంబరు" అన్నాడు చివరికి.

"నాకు చదవొచ్చింది కూడా అంతే."

మా అమ్మాయి నా చేతిలోంచి కత్తెర తీసుకుని మూడు వైపులా చకచకా కత్తిరించింది. సమాధానం మీద వంగి, ఎక్కడున్నామో కూడా మరిచిపోయింది.

"అయ్యో, ఇంత చుట్టు తిరిగారేంటి! బలాలన్నీ విడగొట్టి రెండు పేజీలా? శక్తి పట్టుకుంటే పదకొండు వరుసల్లో అయిపోయేదానికి!"

సున్నా మాస్టారు దాని పేపరు అడిగి తీసుకున్నాడు. వరుసలు లెక్కపెట్టి, పుస్తకం చూసి, మళ్ళీ పేపరు చూశాడు.

"సరే, వేరే ప్రశ్నాపత్రం ఇస్తాను. ఇంకోసారి రాయనివ్వండి."

"అది రాసేసింది సార్. ఇక మీరు దిద్దడమే మిగిలింది."

"రేపు చూద్దాం లెండి."

"పర్లేదు, కూర్చుంటాం" అని కుర్చీ లాక్కున్నాను. ధైర్యంతో కాదు. రేపటిదాకా భయపడుతూ ఉండలేక. ఆ సంగతి ఆయనకి తెలియదు కదా.

ఆయన గోడ గడియారం వైపు, మా వైపు మార్చి మార్చి చూశాడు. ఎర్ర కలం తీసి 'కాపీ' అన్న మాటని రెండుసార్లు కొట్టేసి, పక్కన సంతకం పెట్టాడు. పదికి తొమ్మిది వేశాడు.

"ఒకటెందుకు పోయింది సార్?" అంది మా అమ్మాయి.

"పటం వెయ్యలేదు."

"ప్రశ్నలో పటం అడగలేదు కదా!"

మామూలుగా అయితే ఇలాంటి చోట దాని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేదాన్ని. ఆ రోజు ప్రశ్నాపత్రం తీసి ఆయన ముందు పరిచి, కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకున్నాను.