గొర్రె కాదు, గొర్రు

పెద్ద ఈరన్న ఫైలులో "గొర్రెల కాపరి" అని రాసింది శివజ్యోతే. కర్నూలు శివార్లలో, మతిమరుపు జబ్బు వచ్చిన ముసలివాళ్లను చూసుకునే ఆశ్రమం అది. ఎవరికి అలవాటైన పని వాళ్లచేత చేయించి కాలక్షేపం చేయించడం ఆమె ఉద్యోగం. ఈరన్నది ఆలూరు పక్క పల్లె. పొద్దస్తమానం ఒకటే అడిగేవాడు.

"గొర్రు యాడప్పా? పదునారిపోతాండాది."

పుట్టి బుద్ధెరిగి టౌను దాటని శివజ్యోతికి అది గొర్రె అని వినబడింది. ముసలాయనకు నోరు తిరగడం లేదని జాలిపడింది కూడా.

దూదితో గొర్రెపిల్లను కుట్టించి ఒళ్లో పెట్టింది. ఆయన విసిరికొట్టాడు. రోజూ పెట్టింది, రోజూ విసిరికొట్టాడు. "సహకరించడు, మీదికొస్తాడు" అని రాసిపడేసింది. అది చదివి డాక్టరు మత్తు మాత్ర రాశాడు. ఇరవై రోజులుగా ఈరన్న కుర్చీలో తల వాల్చి, చొంగ కారుస్తూ తూగుతున్నాడు. ఇంకొన్నాళ్లు ఇలాగే కూర్చోబెడితే ఆ కాళ్లు ఇక లేవవని నర్సు షాహీనా చెప్పింది.

ఊడుస్తున్న గంగక్క చీపురు ఆపింది.

"అది గొర్రె కాదు మేడం, గొర్రు. ఇత్తనమేసేది. వానపడిన పదును ఆరకముందే ఏయల్ల. మొదట్లోనే చెప్పనీకి వస్తిని."

వచ్చింది నిజమే. నీ పని ఊడవడం, నా పనిలో వేలు పెట్టకు అని అందరి ముందూ కసిరి పంపింది తనే. శివజ్యోతికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలిసిన మనిషి నోరు మూయించింది, అదీ సిగ్గు. డాక్టరుకు ఫోన్ చేసి తను చేసిందంతా చెప్పుకుంది. ఆయన మాత్ర తగ్గించాడు.

వారం తర్వాత షాహీనా, నడక కోసం వాడే వాకర్‌ను ఈరన్న ముందు పెట్టింది. గంగక్క దానికి, గొర్రు మీద విత్తనాలు వదిలే గిన్నెలా, ఒక ఖాళీ గిన్నె కట్టి, ఒడి నిండా కొర్రలు పోసుకుంది.

"గొర్రు కట్టినాము పెద్దనాయనా."

ఈరన్న గిన్నెను చేత్తో తడిమి చూశాడు. షాహీనా చేయూతతో లేచాడు. వరండా పొడుగునా వాకర్ తోస్తూ నడుస్తుంటే, పక్కన గంగక్క గుప్పిట్లోంచి గింజలు సన్నగా గిన్నెలోకి వదిలింది.

వరండా చివర, ఆమె పిడికెడు కొర్రలు తీసి అక్కడ నిలబడ్డ శివజ్యోతి చేతిలో పోసింది. శివజ్యోతి గుప్పిట విప్పగానే గింజలన్నీ ఒక్కసారే కుమ్మరించినట్టు పడ్డాయి. ఈరన్న ఆగి ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఎవురీమె? చెయ్యి తిరగలేదే."

గంగక్క తడుముకోకుండా చెప్పింది.

"కొత్తగా కూలికొచ్చినాది లే పెద్దనాయనా. నేర్చుకుంటాది."