నారింజ ముక్కల బొంత

షగుఫ్తా టీచరుకు అంకెలంటే ప్రాణం, ఉత్త పట్టికలంటే ఒళ్లు మంట. గోడకు అంటించిన పట్టికను దాటిపోయేవాళ్లే గానీ ఆగి చదివేవాళ్లెవరు? అందుకే దుబాయ్‌లో ఆమె పనిచేసే బడి సైన్స్ ప్రదర్శనకు, తొమ్మిదో తరగతి అమ్మాయిల చేత బొంత కుట్టించింది. అల్ వర్సాన్‌లోని ఓ కార్మికుల క్యాంపులో గదికొక ముక్క. చల్లటి గదికి నీలం, వెచ్చటి గదికి పసుపు, ఏసీ చెడి ఉడికిపోతున్న గదికి నారింజ. రంగుల వివరం ఎక్కడా రాయకూడదు, అడిగినవాళ్లకు పిల్లలే నోటితో చెప్పాలి.

గదుల్లో థర్మామీటర్లు పెట్టనిచ్చింది ఆ అమ్మాయిల్లో ఒకరైన అజ్రా తండ్రి అల్లాబకాష్. ఆ క్యాంపు బాస్ ఆయనే. నారింజ గుడ్డ కావాలంటే కంపెనీ పాత యూనిఫాంలు ఉతికించి మరీ పంపాడు. కూతురి బొంతలో తన కంపెనీ గుడ్డ ఉంటుందని మురిసిపోయాడే గానీ, ఆ రంగుకు అర్థమేమిటో అడగలేదు. షగుఫ్తాకు చెప్పాలని తోచలేదు. క్యాంపు పేరు దాచామని ధీమాగా ఉంది.

ప్రదర్శన రోజు ఆయన అత్తరు పూసుకుని వచ్చాడు. "మేడమ్, మా ముదీర్‌ను గూడా పిల్చుకొచ్చినా. నా బిడ్డ చేసింది ఆయన చూడల్ల గదా!"

షగుఫ్తా చప్పున బొంత వైపు చూసింది. ఏసీలన్నీ బాగున్నాయని పైవాళ్లకు చెప్పుకొస్తున్నది కంపెనీ మేనేజరైన ఆ ముదీరే. లోపలి సంగతి బయటపెడితే ముందు పోయేది అల్లాబకాష్ ఉద్యోగం. ఆ వెంటే వీసా ఖలాస్, అజ్రా చదువూ ఖలాస్.

ముదీర్ నారింజ ముక్కను వేళ్లతో పట్టి చూశాడు. "ఇది మావాళ్ల డ్రెస్సే కదా! ఈ రంగు దేనికి గుర్తు?" అని హిందీలో అడిగాడు.

అజ్రా టీచరు వైపు చూసింది. తర్వాత తండ్రి వైపు చూసింది.

"చెప్పు బేటా, భయమెందుకు?" అన్నాడు అల్లాబకాష్ నవ్వుతూ.

షగుఫ్తా అడ్డుపడి ఏదో ఒకటి అనాల్సింది.

"ఇవి అన్నిటికన్నా చల్లటి గదులు సర్. అందుకే మీ కంపెనీ రంగు వేశాం," అంది అజ్రా. కళ్లలోకి చూస్తూ, తడబడకుండా, అచ్చం టీచరు నేర్పినట్టే చెప్పింది.

ముదీర్ పొంగిపోయాడు. బొంత పక్కన నిలబడి ఫోటో దిగాడు. కార్మికులందరికీ పంపిస్తానంటూ అల్లాబకాష్ భుజం తట్టి, పక్క బల్ల దగ్గర టీ అందుకున్నాడు.

అజ్రా టీచరు దగ్గరకు వచ్చింది.

"బాగా చెప్పినానా మిస్?"

ఆ నారింజ గదుల్లో పడుకునేవాళ్లు ఈ ఫోటో చూసి ఏమనుకుంటారో తలచుకుంటే షగుఫ్తాకు సిగ్గుతో ఏడుపొచ్చింది. "బాగా చెప్పావమ్మా," అంది.

అంతలో ఇంకెవరో తల్లిదండ్రులు వచ్చారు. "ఈ నారింజవి ఏమిటమ్మా?" అని అజ్రాను అడిగారు. ముదీర్ ఇంకా అక్కడే టీ తాగుతున్నాడు.

ఈసారి షగుఫ్తా పిల్లను నోరు తెరవనివ్వలేదు. వెనక్కి జరిపి, తానే ముందుకొచ్చింది.

"అవి చల్లటి గదులండీ," అంది.