వెనక మూడు నట్లు

రాజమల్లు విరిగిన హాక్సా బ్లేడు ముక్కతో ఇంజను పక్కన అంటుకున్న పాత గ్యాస్కెట్టు అట్టను గీకుతున్నాడు. మాడి ఇనుముకు పట్టేసిన గ్యాస్కెట్టు అడుగంటిన అన్నంలా పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. ఒక్క పెచ్చు మిగిలినా పైన పొగను బయటికి పంపే మ్యానిఫోల్డు సరిగా కూర్చోదు. సందులోంచి పొగ కొడుతుంది. లారీ ఇంజనైతే పొగ గాలిలో కలిసిపోతుంది. ఇది సాగర్ చెరువులో జనాన్ని తిప్పే పడవ ఇంజను. దీన్ని పలకల కింద పెట్టెలో పెట్టి మూస్తారు. పైన పిల్లాజెల్లా కూర్చుంటారు. పొగ వస్తే నేరుగా వాళ్ళ ముక్కుల్లోకే.

"అయిందా మల్లన్నా?" అన్నాడు కిషన్.

"కండ్లు లేవా? కనిపిస్తలేదా?"

కిషన్ నవ్వాడు. ఏమన్నా నవ్వుతాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా రాజమల్లుకు అరికాలినుంచి మండుతుంది.

నాంపల్లి స్టేషను వెనక సందులో ఉన్న ఆ రేకుల షెడ్డులో ఇద్దరూ ముప్పై ఒక్క ఏళ్ళుగా పనిచేస్తున్నారు. రాజమల్లు మూడు నెలలు ముందు చేరాడు. వయసులో మూడేళ్ళు పెద్ద. అయినా గేటు దగ్గర ఎవరు వచ్చి నిలబడ్డా అడిగేది ఒకటే మాట: "కిషనన్న ఉన్నడా?" రాజమల్లు ఎదురుగానే నిలబడి ఉంటాడు. వాళ్ళ చూపు అతని భుజం మీదుగా లోపలికి పోతుంది.

కిషన్ మ్యానిఫోల్డును రెండు చేతులతో ఎత్తి పెట్టాడు. పడవ మ్యానిఫోల్డు బరువు. దానికి రెండు గోడలు. లోపలి గొట్టంలో నిప్పులాంటి పొగ, చుట్టూ చల్లబరిచే నీళ్ళు. పన్నెండు నట్లు. నడుమనుంచి మొదలుపెట్టి రెండు కొసలకు బిగించుకుంటూ పోవాలి. ముందువైపు తొమ్మిది ఎవరైనా బిగిస్తారు. వెనక మూడింటికి కుడి చెయ్యి పట్టదు. ఎడమ చేతిని సందులోకి పోనిచ్చి, కంటితో చూడకుండా, వేళ్ళతో వెతుక్కుని బిగించాలి. ఆ పనిలో కిషన్‌ది అందెవేసిన చెయ్యి.

ఈ పూట ఆ చెయ్యి ఎక్కువసేపు లోపలే ఉంది. రెండుసార్లు బయటికి తీసి భుజం నలుపుకున్నాడు. నుదుటి మీద చెమట. 'నకరాలు' అనుకున్నాడు రాజమల్లు. 'సేటు చూస్తుండని కష్టపడ్డట్టు జేస్తుండు.'

పదకొండున్నరకు కిషన్ పానా కింద పెట్టాడు.

"ఎనక జర మంచిగ చూడు, మల్లన్నా" అన్నాడు.

రాజమల్లు అటు తిరిగి చేతులు తుడుచుకున్నాడు. వెటకారం కాకపోతే ఏంది? ఇన్నేళ్ళలో కిషన్ బిగించిన నట్టు ఒక్కటి వదులుగా ఉన్నది లేదు.

చూడడమన్నది షెడ్డులో ఒక కట్టుబాటు. ఇప్పటి సేటు విజయేందర్ తండ్రి, పోయిన పెద్దసేటు పెట్టిన కట్టు. ఒకడు బిగించిన నట్లను ఇంకొకడు పానా వేసి చూడాలి. గట్టిగా ఉంటే నట్టుమీదినుంచి ఇనుము మీదికి రంగుతో ఒక గీత గియ్యాలి. బిగించినవాడు తన పనికి తాను రంగు పెట్టుకోకూడదు. కిషన్ పనికి రాజమల్లు తెల్లరంగు పెడతాడు. రాజమల్లు పనికి కిషన్ ఎర్రరంగు పెడతాడు. పాత జర్దా డబ్బాలో రంగు, నమిలిన వేపపుల్ల కుంచె.

రాజమల్లు పనిలో వదులు నట్టు దొరికేది. ప్రతిసారీ కాదు గాని దొరికేది. కిషన్ దాన్ని పావు మలుపు తిప్పి, ఎర్రగీత గీసి ఊరుకునేవాడు. సేటుకు చెప్పేవాడు కాదు. పల్లెత్తు మాట అనేవాడు కాదు. అంటే తిరిగి అనొచ్చు. అనకపోతే ఏం చెయ్యాలి? ఆ ఊరుకోవడం ముప్పై ఏళ్ళుగా రాజమల్లు కంట్లో నలుసులా ఉంది.

పన్నెండున్నరకు కిషన్ భార్య జమున వచ్చింది. ఆబిడ్స్‌లో చీరల దుకాణంలో పని ఆమెకు. మధ్యాహ్నం అరగంట సెలవులో టిఫిన్ డబ్బా పట్టుకుని నడిచొస్తుంది. మొగుడూ పెళ్ళాం షెడ్డు వెనక నీళ్ళ డ్రమ్ము పక్కన కూర్చుని తింటారు.

"అన్నా, బీరకాయ పచ్చడి తెచ్చిన, జర తింటవా?"

"వద్దు చెల్లె. కడుపు మంచిగ లేదు."

ఆమె రోజూ అడుగుతుంది. అతను రోజూ కడుపు మీదికి తోస్తాడు. భార్య శంకరమ్మ పోయి నాలుగేళ్ళు. పదకొండు నెలలు దవాఖానలో పడి ఉండి, ఎముకల గూడై పోయింది. రాజమల్లు అప్పటినుంచి హోటలు మెతుకులే తింటున్నాడు. డ్రమ్ము పక్కనుంచి మాటలు వినబడుతున్నాయి.

"ఏంది, మెతుకు ముడుతలేవు?"

"చెయ్యి గుంజుతుందే. రాత్రి తప్పు పండుకున్న గావచ్చు."

"సాయంత్రం తైలం రాస్త తియ్. ముసలోనివైతున్నవ్."

"నువ్వు పడుచుదానివి మరి!"

ఇద్దరూ నవ్వారు. రాజమల్లుకు తైలం రాసేవాళ్ళు లేరు. పానా తీసుకున్నాడు.

ముందు నట్టుకు వేసి చూశాడు. గట్టిగా ఉంది. తెల్లగీత. రెండోది. మూడోది. తొమ్మిదింటికీ గీతలు పడ్డాయి. ఎడమ చెయ్యి వెనక సందులోకి పెట్టాడు. పదో నట్టుకు పానా తగిలించి లాగాడు.

నట్టు కదిలింది.

పదకొండోది వేళ్ళతోనే తిరిగింది. పన్నెండోదీ అంతే. చిన్న అద్దం ముక్క పట్టి టార్చి వేసి చూశాడు. నట్ల అంచులు గీరుకుపోయి కొత్త ఇనుము మెరుస్తోంది. 'పానా సరిగ పట్టకుండ కెలికి వదిలేసిండు. పెద్ద పనోడు!'

ఈ రోజు కోసమే బతికినట్టు అనిపించింది రాజమల్లుకు. తను తిప్పితే మూడు నిమిషాల పని. తిప్పలేదు. మూడు గంటలకు పడవల సూపర్‌వైజరు సురేందర్ వస్తాడు. సేటు ఉంటాడు. ఇంజను స్టార్టు చేసి చూపిస్తారు. వెనకనుంచి భగ్గున పొగ కొడుతుంది. అప్పుడు అంటాడు తను: 'నేనింక రంగు పెట్టలే సేటు. చూస్కోన్రి, మీ కిషనన్న పని.' ఆ మాటను మనసులో పదిసార్లు తిప్పుకున్నాడు. ఏ మాట దగ్గర ఆగాలో, ఎవరి మొహం చూడాలో కూడా అనుకున్నాడు. తెల్లరంగు డబ్బాకు మూత పెట్టి, పోయి చాయ్ తాగి వచ్చాడు. చాలా రోజులకు చాయ్ తియ్యగా ఉంది.

వచ్చేసరికి జమున దుకాణానికి వెళ్ళిపోయింది. అలమారులో కిషన్ ఎర్రరంగు డబ్బా మూత తీసి ఉంది. పొద్దున రాజమల్లు బిగించిన నీళ్ళ పంపుకు గీతలు పెట్టి అలాగే వదిలేశాడు. కిషన్ మూత మరవడం ఎప్పుడూ లేదు. 'ఇయ్యాల అన్నీ మరుస్తుండు' అనుకుని సంతోషించాడు.

మూడుకు పది నిమిషాలుండగా సేటు కేకేశాడు. "మల్లన్నా, కిషన్ నడుం వాల్చినట్టుండు. లేపు. సురేందర్ వస్తుండు."

రాజమల్లు హుషారుగా వెనక్కి నడిచాడు. కిషన్ డ్రమ్ముకు వీపు ఆనించి కూర్చున్నాడు. గడ్డం ఛాతీ మీద ఆనింది. కుడి చెయ్యి ఎడమ భుజాన్ని పట్టుకుని ఉంది.

"లే. నిన్ను అడిగెటోళ్ళు వస్తున్రు" అన్నాడు రాజమల్లు.

లేవలేదు. వంగి చెయ్యి పట్టుకున్నాడు. చల్లబడిన ఇంజనును ముట్టుకుంటే చేతికి తెలుస్తుంది. అలాగే తెలిసింది.

తరవాత సందు సందంతా షెడ్డులోకి వచ్చింది. పళ్ళబండివాడు బండి వదిలేసి వచ్చాడు. పక్క వెల్డింగు షాపువాళ్ళు పని ఆపేశారు. సేటు మొహం కడుక్కున్నట్టు తడిసింది. జమున ఆబిడ్స్‌నుంచి పరుగెత్తుకొచ్చింది. కాళ్ళకు చెప్పుల్లేవు. డ్రమ్ము పక్కన కూలబడి, మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని, ఆ ఎడమ భుజాన్ని రాస్తూ కూర్చుంది. సాయంత్రం రాస్తానన్నది అప్పుడే రాస్తోంది.

రాజమల్లు గోడకు ఆనుకుని చూశాడు. శంకరమ్మ పదకొండు నెలలు తీసుకుంది. వీడు ఒక్క పూటలో వెళ్ళిపోయాడు. కడుపులో పెళ్ళాం చేతి ముద్ద, నట్టింట్లో ఉన్నట్టు చుట్టూ జనం. తను పోతే గేటు దగ్గర ఎవరు ఆగుతారు? చావులో కూడా వీడిదే పై చెయ్యి.

అయిదింటికి కిషన్‌ను తీసుకెళ్ళిపోయారు. సేటు షట్టరు సగం దించాడు. సురేందర్ ట్రాలీతో బయటే ఉన్నాడు. రేపు ఆదివారం, పడవ తిరగాలి.

"ట్రయల్ వేద్దామా?" అన్నాడు సేటు.

సురేందర్ కళ్ళు తుడుచుకున్నాడు. "కిషనన్న చెయ్యి పడ్డ ఇంజనుకు ట్రయల్ ఏంది సేటు? గట్లనే ఎక్కియ్యున్రి."

రాజమల్లు ఒక్క మాట అంటే చాలు. కాని ఎవరు నమ్ముతారు? చచ్చినవాడి మీద చాడీ అంటారు. పోనీ, ఊరుకుంటే? రేపు సాగర్ నడుమ పొగ కొడుతుంది. అప్పుడు అందరికీ తెలుస్తుంది కిషనన్న ఎవరో. రాజమల్లు ఆ ఆలోచనను చాలాసేపు నమిలాడు. రుచిగానే ఉంది.

"జర ఆగున్రి" అన్నాడు.

పానా తీసుకుని ఎడమ చెయ్యి సందులోకి పెట్టాడు. ఎవరూ చూడడం లేదు. పదో నట్టుకు పానా తగిలించాడు. గీరుకుపోయిన అంచులు వేళ్ళకు తగిలాయి. ఒక్క గీరు కాదు. పది, పదిహేను. పానా పట్టింది, జారింది. మళ్ళీ పట్టింది, మళ్ళీ జారింది. కెలికి వదిలేసినవాడు అన్నిసార్లు పట్టడు. పట్టిన ప్రతిసారీ లాగే బలం లేక జారినవి అవి.

ఎనక జర మంచిగ చూడు, మల్లన్నా.

అడగొచ్చు కదా? చెయ్యి లేస్తలేదు, నువ్వు బిగియ్యి అని నోరు తెరిచి అడగొచ్చు కదా? అడిగితే తను బిగించేవాడా? 'నీ పని నువ్వు చేస్కో' అనేవాడు. అది ఇద్దరికీ తెలుసు. అందుకే ఆ మాత్రం అన్నాడు. పొద్దున్నే విని ఉంటే, ఆ భుజం చూసి ఉంటే, దవాఖాన ఎంత దూరం? రాజమల్లు ఆ లెక్కలోకి పోలేదు. మూడు నట్లూ బిగించాడు. చేతికి చిన్న గాయమైంది. తుడుచుకోలేదు.

సురేందర్ టార్చి వేసి వంగి చూశాడు. "ఎనక మూడింటికి గీతల్లేవేంది మల్లన్నా?"

"గవి నేను బిగించిన."

"మరి పెట్టు రంగు. నీ డబ్బా ఉంది కద."

"నేను బిగించినదానికి నేను పెట్టద్దు."

సురేందర్‌కు ఆ మాట అర్థం కాలేదు. ముసలాయన కలవరపడ్డాడనుకున్నాడు గావచ్చు, మెల్లగా భుజం తట్టి పోయాడు. ఇంజను ట్రాలీ ఎక్కింది. ట్రాలీ సందు మలుపు తిరిగి స్టేషను రోడ్డు మీది మోతలో కలిసిపోయింది.

"తాళమేస్తున్న. రా మల్లన్నా" అన్నాడు సేటు.

రాజమల్లు బయటికి వచ్చాడు. సగం దించిన షట్టరు కిందినుంచి అలమారు కనిపిస్తోంది. అందులో మూత లేని జర్దా డబ్బా. ఎర్రరంగు మీద అప్పటికే సన్నని పొర కట్టింది. ఆ పొరలో కిషన్ నమిలిన వేపపుల్ల నిటారుగా నిలబడి ఉంది.