కట్టు విప్పని వార్త

మధ్యాహ్నం కరెంటు పోయింది. గద్వాల బజారులోని ప్రెస్సు గదిలో, రేకుల కింద, తుకారాం ఉడికిపోతూ సీసపు అక్షరాలు ఏరుతున్నాడు. సాయంత్రానికి వారపత్రిక ప్రత్యేక సంచిక రావాలి. రేపు చీరల షావుకారు వెంకట్రాములుకు సన్మానమట. ఊళ్లో ఇంకెవరూ దొరకలేదు కాబోలు!

ఎడిటర్ దశరథం రాసిచ్చిన కాగితం సగం దాకా వచ్చేసరికి తుకారాం చెయ్యి ఆగిపోయింది. 'తప్పతాగి రంగుకాగులో పడి మరణించిన శ్రీరాములు కుటుంబాన్ని కన్నతండ్రిలా ఆదుకున్న దయామయుడు' అని ఉంది అందులో.

శ్రీరాములు తుకారాం అన్న. జన్మలో కల్లు ముట్టని నేతగాడు. పోయిన ఏడు షావుకారు రంగుల షెడ్డులో పొయ్యి మీది కాగు ఒరిగి, మరిగే రంగునీళ్లు అతని ఒంటి మీద పడ్డాయి. షెడ్డు ముందే షావుకారు జీపు ఉంది. వదిన రంగమ్మ జీపు ఇమ్మని షావుకారు కాళ్లు పట్టుకుంది. డ్రైవరు బాబు మియా బండి తీయబోతే, సీట్లకు రంగంటుతుందని ఆ మహానుభావుడు తాళంచెవి లాక్కున్నాడు. ఎద్దులబండిలో దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఆదుకోవడం మాట దేవుడెరుగు, దినాలు కాకముందే బాకీ కింద ఇంట్లోని మగ్గం విప్పించుకుపోయాడు.

అప్పట్లో ఆ వార్తను జరిగింది జరిగినట్టు రాసింది దశరథమే. తుకారాం ఏడుస్తూ కంపోజ్ చేశాడు. తీరా అచ్చు వేసే వేళకు షావుకారు ప్రకటన వచ్చింది, వార్త అచ్చు కాకుండా ఆగిపోయింది. పని అయిపోయాక, పేర్చిన అక్షరాల మేటర్‌ను విప్పి అక్షరాలను మళ్లీ గళ్లలో వేయడం ప్రెస్సు పద్ధతి. తుకారాం విప్పలేదు. దారంతో బిగించి కట్టి బల్ల కింద దాచాడు. ఎప్పటికైనా దాన్ని అచ్చువేసి షావుకారు మొహాన కొట్టాలని కసి.

ఇవాళ అక్షరాలు చాలక దశరథం వెతుకుతుంటే ఆ కట్టే దొరికింది.

"ఇదింకెందుకు తుకారాం, ఇప్పెయ్. సావుకారు మీద ఇంక సగం పేజీ ఉన్నది."

తుకారాం కట్టను లాక్కుని రాతిబల్ల మీద పెట్టాడు. సిరా రుద్ది, కాగితం పరిచి, ఒత్తి ప్రూఫు తీశాడు.

అప్పుడే బయట జీపు ఆగింది. తన గొప్పలు ముందుగా చదువుకుందామని షావుకారు స్వయంగా వచ్చాడు. తుకారాం అందించిన ప్రూఫును నవ్వుతూ అందుకున్నాడు. చదువుతుంటే నవ్వు పోయింది. కాగితం చింపి, ఆ అక్షరాలు ఇప్పుడే తన కళ్లముందు విప్పించమని దశరథం మీద కేకలు వేశాడు. దశరథం దారం మీద చెయ్యి వేశాడు. తుకారాం ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"మా అన్న కాలి పడుంటే జీపు ఇయ్యకపోతివి సావుకారీ. నీ సన్మానానికి ఈ అక్షరాలు నేనియ్య."

ఇంకో ప్రూఫు తీశాడు. దానికి మైదా జిగురు పూసి, బయటికి నడిచి జీపు అద్దానికి అంటించాడు. బజారు జనం గుమిగూడారు. ఎవరో పైకి చదవసాగారు.

షావుకారు పరుగున వచ్చి, కాగితం గీకి పారేయమని బాబు మియాను గద్దించాడు. బాబు మియా బండి దిగాడు. చదువుతున్న మాటలు చివరిదాకా విన్నాడు. తర్వాత తాళంచెవి తీసి షావుకారు చేతిలో పెట్టాడు.

"ఆ దినం గుంజుకుంటివి గద సేటూ. ఇగ నీ తాన్నే ఉంచుకో."