అన్నిటికీ ఒకటే రూలు

"చాయ్‌లో ఉప్పేందండీ!" సీతారాములు పెట్టిన చాయ్ ఒక గుక్క తాగి, అతని భార్య సారలమ్మ గ్లాసు పక్కకు నెట్టింది.

"డబ్బాలన్నీ ఒక్కతీరుగ ఉన్నయ్ మరి."

"అట్లుండాలని పేర్ల చీటీలు పీకింది మీరే గదా?"

గని ఆఫీసులో కంప్యూటర్ కోడ్ రాసేవాళ్లకూ సీతారాములుదే రూలు: పేర్లు వెతికే ప్రతి ప్యాటర్న్‌కూ, అంటే వెతుకుడు నమూనాకూ, 'ఎక్స్' మాడిఫైయర్ అనే గుర్తు తగిలించాలి, విడివిడిగా రాసుకుంటే చదవడం సులువని. అది ఉంటే ప్యాటర్న్‌లో మాటల మధ్య ఖాళీలు లెక్కకు రావు. అతని కింద పనిచేసే హుంగే ఆ రూలే పాటించింది. రెండు మాటల ఊరిపేర్లేవీ దొరకక, ఆ ఊళ్లకు గని పంపే నీళ్ల ట్యాంకర్లు పోలేదు. ఆఫీసు సాబ్ ఆమెను పనిలోంచి తీసేస్తుంటే అతను తలవంచుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం అన్నం కలుపుతూ, భార్యా తల్లీ వింటుండగా అన్నాడు: "రేపు సాబ్‌కు చెప్త. తప్పు హుంగేది కాదు, నా రూలుది. ఆమెను మళ్లా పిలవకుంటే నేనూ మానేస్త."