కంచె మీది గొడ్డుతీగ

ఆ నల్లద్రాక్ష వైన్ రుచి ఎరిగిన మనిషి ఆ ఇంట్లో ఇక ఒక్కరే మిగిలారు, మామగారు. ఆయన తల్లి బతికున్నన్నాళ్ళూ ఆ ద్రాక్షతోనే వైన్ చేసింది. తర్వాత తెగులొచ్చి తోటలు పోయాయి, అందరూ ఎక్కువ కాసే రకాలకు మారిపోయారు. ఆ రకం అంతరించిందనే అనుకున్నారు. అంటుకట్టే పనిలో చెయ్యి తిరిగిన కోడలు ఒకనాడు పాడుబడ్డ మిల్లు గోడ మీద దాన్ని చూసి, కొమ్మలు తెచ్చి తోటలో ఓ మూల నాటింది. మామగారు ఆకు నలిపి వాసన చూసి "ఇదేనమ్మా" అన్నారు.

నాటడమైతే నాటింది గానీ కాపేదీ? ఏటా పూత విరగబూసేది, రాలిపోయేది. ఎరువు మార్చింది, నీళ్ళు తగ్గించింది, ఏం చేసినా బూడిదలో పోసిన పన్నీరే. మామగారు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. ఆయనుండగా ఆ వైన్ చెయ్యకపోతే, తర్వాత చేసినా అదో కాదో చెప్పే దిక్కుండదు. ఆమె బెంగంతా అదే.

నింద పక్కింటి తీగ మీదికి పోయింది. పక్కింటాయన్ని ఇంట్లో అందరూ చాటుగా 'పెడసరం బాబాయి' అంటారు. ఆయన కంచె నిండా ఒక అడవితీగ. చచ్చినా కాయదు, పైగా నీడ. కొట్టెయ్యమని ఏటా ఆమె అడిగేది. నా కంచె, నా తీగ అనేవాడాయన. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

ఈ ఏడు ఆయన భార్య కాలు విరిగితే ఆసుపత్రికి తిప్పిందీ, కోలుకునేదాకా వండి పెట్టిందీ ఈ కోడలే. పక్కనుండి ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా అనుకుంది, అంతే.

పూత ముగిసిన రోజుల్లో ఒక ఉదయం ఆమె ఆశ వదులుకునే ఆ మూలకు వెళ్ళింది. అడవితీగ ఈ ఏడే కంచె దాటి ఇవతలికి పాకింది; అది తాకిన కంచె పక్క వరుసలో ఆవగింజలంత పిందెలు. మిగతా వరుసలు బోడిగా ఉన్నాయి. మిగిలున్న ఒక పువ్వు కోసి చూసింది. కేసరాలు కిందికి వంగిపోయి, పుప్పొడి లేదు. కంచె మీది తీగ పువ్వు ముట్టుకుంటే పుప్పొడితో వేలంతా పసుపైంది. అప్పుడు తట్టింది: కాయని ఆ తీగ మగది, దాని పుప్పొడి అందితేనే తన ద్రాక్ష కాసేది. మిల్లు గోడ మీద రెండు తీగలు పెనవేసుకుని ఉండేవి. గొడ్డుదని ఒకదాన్ని శ్రద్ధగా విడదీసి పారేసింది తనే! పనిమంతురాలినన్న గర్వం అక్కడికక్కడే దిగిపోయింది.

అంతలో కంచె అవతల రంపం చప్పుడు.

"బాబాయ్, ఆగండి. కొయ్యకండి."

"అదేంటమ్మా? మీ పిన్నికి నువ్వంత చేశావు. నీకు ఇదన్నా చేద్దామని పొద్దున్నే పట్టుకున్నా."

"వద్దు బాబాయ్, మీకు పుణ్యముంటుంది."

"ఇన్నేళ్ళూ కొట్టమన్నదీ నువ్వే, ఇప్పుడు వద్దంటున్నదీ నువ్వే. పెడసరం నాదంటారు గానీ నువ్వు నన్ను మించావు తల్లీ."

ఆమె సిగ్గుపడుతూనే పిందెలు చూపించి సంగతంతా చెప్పింది. "నా మాట వినకుండా మొండికేశారు కాబట్టి ఈ కాయ నిలబడింది. అందుకు మీకు దణ్ణం పెట్టాలి," అని నిజంగానే చేతులు జోడించింది. మొండితనానికి దణ్ణం పెట్టించుకోవడం ఆయనకూ కొత్తే. రంపం కింద పెట్టి, "కొమ్మలెన్ని కావాలో తీసుకో, వరుసకొకటి నాటుకో," అన్నాడు.

ఆ ఒక్క వరుస పండుతో చిన్న జాడీడు వైన్ అయింది. తాగే అదునొచ్చాక మామగారు ఒక గుక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కంచె అవతలి దంపతులూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"మా అమ్మ ఇంత పులుపు రానిచ్చేది కాదు," అన్నారాయన. "ద్రాక్ష మాత్రం అదే. వచ్చే ఏడు నేను పక్కన కూర్చుని చెప్తాను, అలా చేద్దువుగాని."

ఆయన నోట 'వచ్చే ఏడు' అన్న మాట విని ఎన్నాళ్ళయిందో. కోడలు మోచేత్తో కళ్ళు తుడుచుకుని, రెండో గ్లాసు నింపి బాబాయి చేతికిచ్చింది.